ముప్పై ఏడో అభిప్రాయం

ముసాయిదా ప్రతులు డెబ్భై తెచ్చాం.
వానలో ఆ స్కూలు హాలుకి వచ్చినవాళ్లు పంతొమ్మిది మంది.
అందులో ఇద్దరు పొయ్యి దగ్గర చలి కాచుకోడానికి.

నేను మాట్లాడేవాణ్ణి కాదు,
మాట్లాడింది రాసుకునేవాణ్ణి.
చిలోయే దీవిలో పడవ దిగిన మా బృందంలో
అన్నిటికంటే చిన్న కుర్చీ నాది.

ఒసాండోన్ మేడమ్ గొంతు సవరించుకుని
పద్నాలుగో నిబంధన చదివింది:
"సముద్రపు నాచు ఏరడం
ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు వరకు మాత్రమే."

తలుపు దగ్గర ఎవరో నవ్వారు.
ఆ నవ్వుని ఎలా రాయాలో
మాకు శిక్షణలో చెప్పలేదు.

మనిషికి మూడు నిమిషాలు.
మొదటాయన నాచు ధర గురించి మొదలుపెట్టి
తమ్ముడి పడవ ఇంజను దగ్గర ఆగిపోయాడు.
'విషయాంతరం' అని రాశాను.
రెండో ఆయన లేచి, టోపీ తీసి,
ఏమీ అనకుండా కూర్చున్నాడు.
దానికి గడి లేదు.

అప్పుడొచ్చింది ఎదెల్మీరా నవెల్‌కిన్,
మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు,
చంకలో మందులషాపు వాళ్లిచ్చిన క్యాలెండరు.
తేదీ తేదీ పక్కన పెన్సిల్ అంకెలు.

"పదకొండున ఆటు రాత్రి మూడున్నరకి.
పన్నెండున నాలుగూ ఇరవైకి.
పదమూడున ఐదూ పదికి."

"పగలు కూడా ఒక ఆటు ఉంటుంది కదా?" అంది మేడమ్.
మంచి ప్రశ్నే. మా ఆఫీసులో అందరం అలాగే అనుకున్నాం.

"ఉంటుంది. ఈ చలికాలంలో అది మోకాలి దాకా వస్తుంది, ఆగుతుంది.
నాచు నేల బయటపడేది రాత్రి ఆటుకే.
మీ రూలు ప్రకారం నెలలో సగం రోజులు మేం దొంగలం,
మిగతా సగం దొరలం.
కాలు కొలవకుండా కుట్టిన చెప్పమ్మా ఇది.
కుట్టినవాళ్లని తిట్టను.
కాలు చూపించమని అడగడానికే కదా
ఇంత వానలో వచ్చారు.
ఇదిగో, చూపిస్తున్నా."

మూడో నిమిషం అయిపోయింది.
గంట నొక్కాల్సింది నేనే.
వేలు కదల్లేదు.

లైసెన్సు రుసుము రెండు వాయిదాల్లో కట్టనివ్వమంది.
క్యాలెండరు మడిచి చంకలో పెట్టుకుని
ఆటు వేళవుతోందని వెళ్లిపోయింది.

శాంటియాగోలో, ఏడో అంతస్తులో,
అన్ని ఊళ్ల మాటలూ ఒకే పట్టికలోకి ఎక్కించాను.
ఎడమ వైపు జనం, కుడి వైపు జవాబు.
జవాబు ఎక్కువగా ఒకటే: 'గమనించాం.'
ఆ మాట కింద ఎందరి గొంతులు పూడ్చానో
నా కీబోర్డుకి తెలుసు.
'సభలో నవ్వు' అన్నది పై అధికారి కొట్టేశాడు.

ముప్పై ఏడో వరుస దగ్గర మాత్రం
మేడమ్ చాలాసేపు కూర్చుంది.
కాఫీ చల్లారింది.
'పాక్షికంగా అంగీకరించాం' అని రాయించింది.

ఎనిమిది పోయింది, ఐదు పోయింది,
ఆ ఖాళీలో రెండు మాటలు వచ్చి కూర్చున్నాయి:
'ఆటు వేళల్లో.'
రుసుము మారలేదు.
ఒకేసారి కట్టాలి.

ఇది గెలుపా అని నన్నడిగితే చెప్పలేను.
ఆ రాత్రి మూడున్నరకి
టార్చి వెలుగులో వంగి ఉన్న ఒక మనిషి
ఎవరి అడుగు చప్పుడుకీ ఉలిక్కిపడనక్కర్లేదు,
అంతవరకు తెలుసు.
ఆ క్యాలెండరు రాకపోయి ఉంటే
మేమంతా మంచివాళ్లమే, చదువుకున్నవాళ్లమే,
సముద్రానికి ఆఫీసు వేళలు పెట్టి
సంతకం చేసి ఇంటికెళ్లేవాళ్లం.

మా అపార్ట్‌మెంటు లిఫ్టు పక్కన
పసుపు కాగితం ఒకటి నెల రోజులుగా ఉంది.
బస్టాపుని వంతెన అవతలకి మారుస్తారట.
అభిప్రాయాలు శుక్రవారం లోగా.
కింద పద్దెనిమిది ఖాళీ గీతలు.

ఆరేళ్లుగా ఊరందరి మాటలూ రాసినవాణ్ణి,
లిఫ్టు రెండుసార్లు వచ్చి వెళ్లిపోయినా
అక్కడే నిలబడ్డాను.
మూడో అంతస్తు ముసలాయన చేతికర్ర గుర్తొచ్చింది,
వంతెన మెట్లు ఎన్నో లెక్కపెట్టలేదని గుర్తొచ్చింది.

ఏం రాయాలో ఇంకా తెలియక
ముందు నా పేరు రాశాను.
తర్వాత మెట్లు లెక్కపెట్టడానికి బయల్దేరాను.